కొలబద్దకు రెండో కొన

అమెరికా అట్లాంటిక్ తీరంలో స్ట్రైప్డ్ బాస్ కోసం సరదాగా గాలం వేసేవాళ్లది నిజానికి ఒక వేట కాదు, రెండు. మొదటిది ఎర కోసం. చిన్న చిన్న గాలాలు వరసగా కట్టిన దారంతోనో, విసురు వలతోనో చిరుచేపలను పట్టి, గాలి ఆడే తొట్టెలో ప్రాణాలతో ఉంచుకుంటారు. రెండోది, ఆ చిరుచేపను గాలానికి గుచ్చి పెద్దదాని కోసం కాచుకోవడం. చచ్చిన ముక్క కంటే కదిలే చేప మీదికి పెద్ద చేప త్వరగా వస్తుందని గాలం పట్టిన ప్రతివాడికీ తెలుసు. మన చెరువుల మీద కొర్రమీను కోసం బతికున్న కప్పనో పరిగెనో గుచ్చేవాళ్లకైతే ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఈ రెండు వేటలనూ చట్టం చాలాచోట్ల ఒకే కొలబద్దతో కొలవడంలో ఉంది. స్కప్ అనే చేపనే తీసుకోండి. కూర వండుకునేవాడికీ అదే కావాలి, బాస్‌కు ఎరగా గుచ్చేవాడికీ అదే కావాలి. దానికి కనీస పొడవు నిర్ణయించారు. ఆ పొడవుకు రానిది చేతికొస్తే నీళ్లలో వదిలేయాల్సిందే, పళ్లెంలోకైనా సరే, గాలానికైనా సరే. వండుకునేవాడికి ఎలాగూ పెద్ద చేపే కావాలి కనుక ఈ నియమంతో పేచీ లేదు. ఎర కావలసినవాడికి మాత్రం చట్టం వద్దన్న చేపే పనికొచ్చే చేప. ఇది గాలంవాళ్ల గొంతెమ్మ కోరిక అని తోసేయడం తేలిక. అలా తోసేయకూడదనీ, అలాగని వాళ్లు అడుగుతున్న మినహాయింపూ ఇవ్వకూడదనీ నా వాదన. ఎర చేపకు కొలబద్ద ఉండాలి. కాకపోతే దాన్ని తిరగేసి పట్టుకోవాలి. కింది హద్దు తీసి పై హద్దు పెట్టాలి, దానికి తోడు తలకిన్ని అని లెక్క కట్టాలి.

కనీస పొడవు నియమం నిన్నా మొన్నటిది కాదు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1558 నాటి చట్టం, సాల్మన్ 16 అంగుళాలకు, ట్రౌట్ 8కి, పైక్ 10కి, బార్బెల్ 12కి తక్కువుంటే చంపకూడదంది. వల కన్ను రెండున్నర అంగుళాలకు తగ్గకూడదంది. అయితే ఆ చట్టం రాసినవాళ్లు ఒక సంగతి మరవలేదు. స్మెల్ట్, లోచ్, మిన్నో, బుల్‌హెడ్, గడ్జన్, మలుగు వంటివి పట్టడం ఆనవాయితీగా ఉన్నచోట, వాటి వరకు సన్నకన్ను వలలు వాడుకోవచ్చని సందు వదిలారు. ఎర కోసమని వాళ్లు అనలేదు. వాళ్లన్నది ఇంతే: ఎంత పెరిగినా చిన్నగానే ఉండే చేపను పెద్ద చేపల కొలతతో కొలవలేం. దాదాపు వందేళ్ల తర్వాత, 1653లో, ఐజాక్ వాల్టన్ తన ప్రసిద్ధ గాలపు గ్రంథంలో ట్రౌట్‌కు ఎరగా మిన్నోను ఎలా గుచ్చాలో ఓపిగ్గా వివరించాడు. చట్టం విడిచిపెట్టిన చేపే గాలంవాడికి ఎర అయింది. నాలుగున్నర శతాబ్దాల కిందటే తట్టిన ఈ తేడా ఇప్పటి చాలా నియమావళుల్లో కనిపించదు. ఇప్పుడు ప్రతి జాతికీ ఒక అంకె, ప్రతి అంకెకూ ఒకే అర్థం.

ఆ అంకె వెనకున్న తర్కం సరైనదే. ఒక చేప మొదటిసారి గుడ్లు పెట్టే పొడవెంతో కనుక్కుని, దానికి తక్కువున్నవాటిని వదిలేస్తే, ప్రతి చేపా కనీసం ఒక్కసారైనా సంతానం కన్నాకే వేటకు దొరుకుతుంది. మన దేశంలో ఈ దారి మొదట పట్టింది కేరళ. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సూచనల మీద 2015లో నియమం తెచ్చి, తర్వాత దాన్ని 58 జాతులకు విస్తరించింది. నూనె కవ్వలకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14. అక్కడ ఆ నియమం రావడానికి కారణం గాలాలు కాదు. పిల్లచేపలను టన్నుల లెక్కన ఊడ్చి చేపల పిండి మిల్లులకు తోలే పడవలు. అలాంటిచోట కింది హద్దు తప్ప మరో మందు లేదు. ఎందుకంటే ఆ వేట లాభం పూర్తిగా బరువు మీద ఆధారపడింది. ఎన్ని చేపలన్న ప్రశ్నే అక్కడ ఎవరికీ రాదు, ఎన్ని టన్నులన్నదే ప్రశ్న. గాలంవాడి తొట్టె అందుకు పూర్తిగా వేరు. అతనికి పూటకు పది పన్నెండు చేపలు చాలు. అంతకుమించి పోస్తే గాలి ఆడక తొట్టెలోనే చస్తాయి. తీసుకునేదానికి సహజంగానే మితి ఉన్నచోట, ఎంత పొడవుదాన్ని తీసుకుంటున్నాడన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది.

ఎలా మారుతుందో చూడాలంటే చేప బతుకు లెక్క చూడాలి. గుడ్లు లక్షల్లో, పిల్లలు వేలల్లో, పెద్దవయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. చాలా జాతుల సంగతి ఇదే. చిన్న వయసులో చావు రేటు ఎక్కువ, పొడవు పెరిగేకొద్దీ అది పడిపోతుంది. కనుక ఈ సీజన్‌లో పుట్టిన పది పిల్లలను తీస్తే, వాటిలో అత్యధికం ఏదో ఒక నోటికి ఎలాగూ పోయేవే. ఇన్ని ప్రమాదాలు దాటి గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన పది చేపలను తీస్తే, రాబోయే సంవత్సరాల గుడ్లు కూడా వాటితో పోతాయి. పైగా పెద్ద ఆడచేప బరువుకు తగ్గట్టు కాదు, బరువును మించి గుడ్లు పెడుతుంది. 342 సముద్ర జాతులను పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో అచ్చయిన అధ్యయనం ఇది అరుదైన విషయం కాదనీ, చేపల్లో ఇదే వాడుక అనీ చూపింది. అంటే రెండు కిలోల ఆడచేప ఒకటి, కిలో బరువువి రెండింటి కంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఇప్పుడు కనీస పొడవు నియమాన్ని ఎర మీద పెట్టి చూడండి. గాలంవాడు చిన్నవాటిని పట్టి, కొలిచి, వదిలి, చట్టానికి సరిపడే పెద్దది దొరికేదాకా వేస్తూనే ఉంటాడు. వదిలినవన్నీ బతకవు. చిన్న నోట్లో గాలం దిగబడి, చేతిలో నలిగి, పొలుసులు ఊడి నీళ్లలో పడిన పిల్లచేపల్లో కొన్ని పోతాయి. చివరికి అతను తొట్టెలో వేసుకునేది గుడ్లు పెట్టే చేప. కాపాడాలనుకున్న దాన్నే ఎర వేయమని నియమం అతన్ని నెట్టింది.

తిరగేసి పట్టుకోవడం ఊహాలోకపు మాట కాదు, జరుగుతున్నదే. టెక్సాస్‌లో ముల్లెట్ చేపకు ఉన్న నియమం చూడండి. అక్టోబరు నుంచి జనవరి దాకా 12 అంగుళాలకు మించిన ముల్లెట్‌ను పట్టకూడదు, పడవలో ఉంచుకోకూడదు. చిన్నవి పట్టుకోవచ్చు. ఆ నెలల్లో పెద్ద ముల్లెట్‌లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా సముద్రంలోకి వెళ్తాయి. నియమం కాపాడుతున్నది వాటినే. ముల్లెట్ అక్కడ ప్రధానంగా ఎర చేప. మన ఉప్పుటేళ్లలో దొరికే కొయ్యింగల చుట్టమే. ఇంగ్లండు మంచినీటి చేపలకు 2010లో తెచ్చిన నియమం ఇంకా ముచ్చటగా ఉంటుంది. రోచ్, పెర్చ్, డేస్, రడ్ వంటి స్థానిక జాతుల్లో 20 సెంటీమీటర్ల లోపువి రోజుకు 15 తీసుకోవచ్చు, అంతకు పెద్దవి తిరిగి నీళ్లలోకే. పైక్ అయితే 65 సెంటీమీటర్లకు మించనిది ఒక్కటి. పైక్ కోసం వచ్చినవాడికి చిన్న రోచ్‌లు ఎర అవుతాయి, గుడ్ల రోచ్‌లు నీళ్లలో ఉంటాయి. స్ట్రైప్డ్ బాస్‌కే అయినా అమెరికా తీర రాష్ట్రాలు ఈ తర్కాన్ని సగం ఒప్పుకున్నాయి. 2023 నుంచి సముద్రంలో 28 అంగుళాల నుంచి 31 అంగుళాల మధ్యదాన్నే తీసుకోవాలి. కింద ఒక హద్దు, పైన ఒక హద్దు. పట్టాలనుకున్న చేప దగ్గర కొలబద్దకు రెండు కొనలున్నాయని గుర్తొచ్చినవాళ్లకు, దాని ఎర దగ్గర ఎందుకు గుర్తు రాలేదో.

దీనికి అందరికంటే బలమైన అభ్యంతరం చెప్పేది నీటి మీద కాపలా తిరిగే అధికారి. తొట్టెలో ఉన్న చేప ఎరో కూరో ఆయనకెలా తెలుస్తుంది? తాటిచెట్టెందుకు ఎక్కావంటే దూడగడ్డికని చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఎర పేరుతో పొట్టి చేపలకు మినహాయింపు ఇస్తే, ప్రతి పొట్టి చేపా పట్టుబడ్డ క్షణంలో ఎర అయిపోతుంది. ఈ మాట నిజం. అందుకే ప్రయోజనాన్ని బట్టి ఇచ్చే మినహాయింపు నాకు సమ్మతం కాదు. మనిషి మనసులో ఏముందో చట్టం కొలవలేదు, కొలవబోతే అబద్ధాలకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. అయితే ఇంగ్లండు నియమాన్ని మళ్లీ చదవండి. అందులో ఎర అన్న షరతు లేదు. 20 సెంటీమీటర్ల లోపు 15 చేపలు, అంతే. వేయించుకు తింటావో గాలానికి గుచ్చుతావో నీ ఇష్టం. అధికారి ఉద్దేశం అడగడు, పొడవు చూస్తాడు, లెక్కపెడతాడు. ఎరకు అవి సరిపోతాయి, వ్యాపారానికి ఏ మూలకూ చాలవు. గాలంవాళ్లు అడగాల్సింది ఇలాంటి నియమాన్ని. తమకొక్కరికే తలుపు తెరవమనడం కాదు.

రెండో అభ్యంతరం జీవశాస్త్రం నుంచే వస్తుంది. చిన్న చేపలన్నీ ఒకటి కావు. కొన్ని చిన్నగానే పుట్టి చిన్నగానే పోతాయి. కొన్ని పెద్ద చేపల పిల్లలు. బ్లూఫిష్ పిల్లలను అమెరికా తీరంలో స్నాపర్లంటారు. వేసవి చివర రేవుల్లో గుంపులుగా తిరుగుతాయి, ఫ్లూక్ అనే బల్లపరుపు చేపకు మహా ఎర. వాటినీ ఈ లెక్కలో చేర్చుదామా? 2019లో బ్లూఫిష్ సంపద ఉండాల్సిన మట్టం కంటే బాగా పడిపోయిందని తేలింది. 2020లో సొంతంగా గాలం వేసేవాడికి రోజుకు మూడే అన్నారు, అద్దె పడవ ఎక్కినవాడికి ఐదు. ఎరకు మూడు పిల్లలు తీస్తే ఆ రోజు వాటా అయిపోయేది. గాలంవాళ్లు గొణిగారు. నేను వాళ్ల పక్షాన నిలబడను. పది మంది వెంటపడే పెద్ద చేప, అదీ తరుగుతున్నదైతే, దాని పిల్లను ఎరగా వాడటానికి తక్కువ అనుమతే ఉండాలి. తిరగేసిన కొలబద్ద పొట్టి జాతులకూ, త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెట్టేవాటికీ, సమృద్ధిగా ఉన్నవాటికీ. నెమ్మదిగా ఎదిగి పదేళ్లకు గానీ గుడ్లు పెట్టని చేపలకు కాదు. జాతికో నియమం రాస్తే పుస్తకం లావవుతుంది. అయితే కానివ్వండి, ఇప్పటికే లావుగానే ఉంది.

మూడోది గాలంవాళ్లే తెచ్చే మాట. ఓడలు సముద్రాన్ని తోడేస్తుంటే మా తొట్టెలో పది చేపల మీద పడతారేమిటి అంటారు. ఇందులో ఉక్రోషానికి కారణం లేకపోలేదు. బాస్‌కు తిండీ, గాలానికి ఎరా అయిన మెన్‌హాడెన్‌ను పిండి కోసం, నూనె కోసం ఒక్క చెసపీక్ అఖాతం నుంచే ఏటా 51,000 టన్నుల వరకు పట్టుకోవడానికి పరిశ్రమకు అనుమతి ఉంది. దాని ముందు ఒకడి తొట్టె ఎంత? కానీ గాలంవాడు ఒకడు కాడు, ఆ తీరంలో లక్షల మంది. ఒక్కొక్కరిది చిటికెడే అయినా కలిపితే ఎంతవుతుందో స్ట్రైప్డ్ బాస్ లెక్కే చెబుతుంది. 2017లో వేట వల్ల చనిపోయిన బాస్‌లలో 48 శాతం, సరదా వేటలో పట్టి, తిరిగి నీళ్లలో వదిలాక చనిపోయినవేనని తర్వాతి ఏడాది అంచనాలో తేలింది. ఇంటికి తీసుకెళ్లినవి కావు, వదిలినవి. బతికిన ఎరో చచ్చిన ఎరో వాడేవాళ్లు వంపు తిరిగిన సర్కిల్ హుక్ మాత్రమే వాడాలని 2021లో నియమం వచ్చింది ఇందుకే. మామూలు గాలాన్ని చేప ఎరతో పాటు కడుపులోకి మింగేస్తుంది, సర్కిల్ హుక్ ఎక్కువగా పెదవి అంచున పడుతుంది. గాలంవాళ్లు మొదట విసుక్కున్నా నియమం నిలిచింది. ఓడల సంగతి ఓడల దగ్గర తేల్చుకోవాలి. ఇంకొకడి పెద్ద తప్పు చూపించి తన చిన్న పద్దు చెరిపేయమంటే కుదరదు. తలకిన్ని అని లెక్క పెట్టాలనడం ఇందుకే. కొలబద్ద ఎటు తిప్పి పట్టుకున్నా లెక్క లేకపోతే లక్షల తొట్టెలు కలిసి చెరువే ఖాళీ చేస్తాయి.

కొలబద్ద ఏ కొనతోనూ చూడలేని ప్రమాదం ఇంకొకటి ఉంది. స్కాట్లండులోని లోమండ్ సరస్సులో 1982లో రఫ్ అనే చిన్న చేప కనిపించింది. అది అక్కడిది కాదు. దక్షిణం నుంచి వచ్చిన పైక్ వేటగాళ్ల ఎర తొట్టెల్లోంచి జారిందని అందరూ అనుకునేదే. అది ఆ సరస్సులో తప్ప స్కాట్లండులో మరొక్క చోటే సహజంగా ఉన్న పోవన్ అనే అరుదైన చేప గుడ్లు తినడం మొదలుపెట్టింది. రఫ్ బెత్తెడు చేప. ఏ కనీస పొడవు నియమమూ దాన్ని ఆపదు, ఏ గరిష్ఠ పొడవూ ఆపదు. 2005, 2006ల్లో అమెరికా గ్రేట్ లేక్స్‌లో వి.హెచ్.ఎస్. అనే వైరస్ చేపలను కుప్పలుగా చంపినప్పుడూ భయమంతా ఎర తొట్టెల్లోని నీళ్ల గురించే. పట్టిన నీళ్లలోనే ఎరను వాడాలని ఇంగ్లండు పెట్టిన షరతు అంగుళాల నియమాలన్నిటికంటే విలువైందని నాకనిపిస్తుంది. స్కాట్లండు ఇంకో అడుగు వేసి, 2007 చట్టంతో మంచినీళ్లలో బతికున్న చేపను ఎరగా గుచ్చడమే నిషేధించింది. ఐర్లండులోనూ నిషేధమే. ప్రాణమున్నదాన్ని గుచ్చడం క్రూరం కదా అనే ప్రశ్నకు అదొక సూటి జవాబు. ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి ప్రతివాదం లేదు. నిషేధం లేని చోట ఏ నియమం మేలన్నదే ఇక్కడి వ్యవహారం. కొన్ని చేపలకైతే నిషేధమే నియమం. మన పులసలా కడలి నుంచి ఏరెక్కి గుడ్లు పెట్టే రివర్ హెర్రింగ్ ఒకప్పుడు బాస్‌కు ఎరలకెల్లా రాజు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2006లో దాన్ని పట్టడమే ఆపేసింది, 2012 నుంచి తీరం పొడవునా, సరైన ప్రణాళిక చూపించిన నదుల్లో తప్ప, అదే దారి. ఏరెక్కే హెర్రింగ్ అంతా గుడ్ల చేపే. పై హద్దు పెట్టడానికి కింద మిగిలేదేమీ లేదు.

చివరికి మలుగు దగ్గర నా వాదనే కాస్త తడబడుతుంది. రాత్రిపూట పెద్ద బాస్ కోసం వెళ్లేవాళ్లకు బతికున్న మలుగును మించిన ఎర లేదు. 2013లో తీర రాష్ట్రాలన్నీ కలిసి దాని కనీస పొడవును 6 అంగుళాల నుంచి 9 అంగుళాలకు పెంచాయి, రోజు వాటాను 50 నుంచి 25కు దించాయి. బాస్ వేటగాళ్లకు 9 అంగుళాల నియమం పెద్దగా తగల్లేదు, వాళ్లకు కావలసింది ఎలాగూ జానెడు మించినదే. సన్న మలుగు కావలసినవాళ్లకు తగిలింది. అయితే ఆ 9 అంగుళాలకు అర్థమేమిటి? అమెరికా మలుగు ఏళ్ల తరబడి, ఒక్కోసారి ఇరవై ఏళ్లకు పైగా, నదుల్లో పెరిగి, ఒక్కసారి సర్గాసో సముద్రానికి వెళ్లి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. నదిలో దొరికే ఏ మలుగూ, తొమ్మిది అంగుళాలదైనా రెండు అడుగులదైనా, గుడ్లు పెట్టినది కాదు. ఒక్కసారైనా కననిద్దామన్న పాత తర్కం దానికి పట్టదు. నా తిరగేసిన కొలబద్దా సగమే పడుతుంది. మగవి సాధారణంగా 40 సెంటీమీటర్లు దాటవు కనుక, పై హద్దు పెడితే పెద్ద ఆడవి మిగులుతాయి, అంతవరకు మేలు. కానీ ఈ ఏడాది వదిలిన ఆడది వచ్చే ఏడాది ఇంకొకరికి దొరకొచ్చు, అది సముద్రం చేరేదాకా ఏ కొలతా దాన్ని గట్టెక్కించదు. ఇక్కడ పనిచేసేది లెక్క ఒక్కటే. ఆ లెక్కలోనూ ఎవరి వంతు ఎంతో చూడాలి. మెయిన్ రాష్ట్రంలో, ఆసియా పెంపకపు చెరువుల కోసం, అద్దంలా పారదర్శకంగా ఉండే మలుగు పిల్లలను పట్టే హక్కుకు ఏటా 9,688 పౌన్ల హద్దు. పౌనుకు రెండు వేలకు పైగా పిల్లలు. అంటే ఏడాదికి దాదాపు రెండు కోట్లు. 2018లో పౌను ధర రెండు వేల డాలర్లు దాటింది. న్యూజెర్సీ రేవులో రాత్రి గాలం వేసేవాడు మాత్రం ఎనిమిది అంగుళాల మలుగు తొట్టెలో ఉంటే జరిమానా కట్టాలి. పిల్లల వేట మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన, అక్కడ కనీసం లెక్క గట్టిగా ఉంది, ప్రతి పౌనూ నమోదవుతుంది. గాలంవాడి 25ను కావాలంటే 15 చేయండి, 10 చేయండి, అతనికి ఆ రాత్రికి అవి చాలు. మలుగు బతుకులో ఏ మలుపునూ సూచించని ఆ 9 అంగుళాలను మాత్రం నియమావళిలోంచి కొట్టేయవచ్చు.